నాలుగు అంచెల పోటీ: విజయనగరంలో బాలికల చదరంగం నడిపిన నా అనుభవం

2025 ఏప్రిల్‌లో పుణేలో మహిళల చదరంగ గ్రాండ్ ప్రి వరుస పోటీలో ఒక అంచె జరుగుతున్న రోజుల్లో నేను వార్షిక పరీక్షల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఒకవైపు పదుల కొద్దీ లెక్కల పేపర్లు, మరోవైపు ఫోనులో కోనేరు హంపి బోర్డు. ఆ అంచెలో ఆడిన పదిమందిలో హంపి, ద్రోణవల్లి హారిక, దివ్య దేశ్‌ముఖ్, వైశాలి మనవాళ్లే కావడంతో ఏ రౌండునూ వదలబుద్ధి కాలేదు. చివరికి హంపి, చైనా క్రీడాకారిణి జూ జినర్ చెరి 9 రౌండ్లలో 7 పాయింట్లతో సమంగా నిలిచారు. సమంగా నిలిచినవారిలో ముందెవరో తేల్చే టై బ్రేక్ లెక్కలో మొదటి స్థానం హంపికి దక్కింది. అయితే నా కన్ను పడింది ఆ తరువాతి లెక్క మీద. మొదటి స్థానానికి 130, రెండో స్థానానికి 105 గ్రాండ్ ప్రి పాయింట్లు ఉండగా, సమంగా నిలిచిన ఇద్దరికీ వాటిని కలిపి సగం చేసి చెరి 117.5 ఇచ్చారు. కప్పు ఒకరిదే అయినా పాయింట్లు మాత్రం సమానమన్న ఆ పద్ధతి లెక్కలు చెప్పుకొనే నాకు ఎంతో న్యాయంగా తోచింది. అదే రాత్రి మిగిలిన పేపర్లను పక్కన పెట్టి, మా విజయనగరంలో ఆడపిల్లలకు ఇలాంటి వరుస పోటీ నడిపితే ఎలా ఉంటుందో ఒక తెల్ల కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయురాలిని. ఆరేళ్ల కిందట ఆర్బిటర్ (చదరంగ పోటీల న్యాయనిర్ణేత) పరీక్ష రాసి ఉత్తీర్ణురాలినై, అప్పటినుంచి సెలవు రోజుల్లో పిల్లల పోటీలకు ఆర్బిటరుగా వెళుతున్నాను. మా అమ్మాయి కూడా ఎనిమిదో తరగతి వరకు ఆడి మానేసింది. మానేయడానికి పెద్ద కారణమేమీ లేదు. మా ప్రాంతంలో జరిగేవన్నీ ఒక్కరోజు పోటీలు. వంద మంది అబ్బాయిల మధ్య పదిహేను మంది అమ్మాయిలు ఆడతారు, చివర్లో ‘ఉత్తమ బాలిక’ అని ఒక్క కప్పు ఇస్తారు. ఆ కప్పు ఏటా ఒకే అమ్మాయికి వెళుతుంటే మిగిలిన పద్నాలుగు మంది మళ్లీ ఎందుకు రావాలి? ఒక్కరోజు పోటీలో మొదటి రెండు రౌండ్లు ఓడిన పిల్లకు ఆ రోజు అక్కడితో ముగిసినట్టే. మళ్లీ పోటీ ఎప్పుడో, ఎక్కడో తెలియదు.

వరుస పోటీలో అలా ఉండదు. 2024, 2025 సంవత్సరాల్లో జరిగిన గ్రాండ్ ప్రిలో ఇరవై మంది క్రీడాకారిణులు, ఆరు అంచెలు. ట్బిలిసిలో మొదలై షిమ్‌కెంట్, మొనాకో, నికోసియా, పుణేల మీదుగా ఆస్ట్రియాలో ముగిసింది. ఒక్కొక్కరూ మూడు అంచెలు ఆడతారు, ఆ మూడింటి పాయింట్ల మొత్తంలో మొదటి ఇద్దరికి, ప్రపంచ విజేతను సవాలు చేసేదెవరో తేల్చే క్యాండిడేట్స్ పోటీలో చోటు దొరుకుతుంది. ఒక అంచె పాడైనా ఇంకా రెండు మిగిలి ఉంటాయి. ఈ పద్ధతి విలువ హంపి ఆటజీవితంలోనే కనిపిస్తుంది. 2009లో మొదలైన తొలి గ్రాండ్ ప్రి వరుసలో ఆమె ఇస్తాంబుల్‌లోనూ, 2011లో దోహాలోనూ గెలిచి మొత్తం మీద రెండో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం పొందిన హో ఇఫాన్ అప్పటికే ప్రపంచ విజేత అయి ఉండటంతో, ఆమెను సవాలు చేసే హక్కు రెండో స్థానంలోని హంపికి వచ్చింది. 2011 నవంబరులో టిరానాలో జరిగిన ఆ పోరులో హో ఇఫాన్ 5.5–2.5తో గెలిచిన మాట నిజమే. కానీ రెండో స్థానం కూడా ఒకరిని ప్రపంచ కిరీటం ముందు కూర్చోబెట్టగలదన్న సంగతి మా పిల్లలకు తెలియాలని నాకు అనిపించింది.

మా పాఠశాలలోని ఒక సహోపాధ్యాయుడు, స్వయంగా మంచి ఆటగాడు, ఈ ఆలోచన వినగానే అడ్డు చెప్పారు. ఆడపిల్లలకు వేరే పోటీ పెడితే వాళ్లను తక్కువ చేసినట్టే అవుతుందనీ, హంగరీ క్రీడాకారిణి జూడిట్ పోల్గార్ మహిళల పోటీలను పక్కన పెట్టి పురుషులతోనే ఆడి ప్రపంచ ర్యాంకుల్లో ఎనిమిదో స్థానం దాకా వెళ్లిందనీ ఆయన వాదన. ఆ వాదనను నేను తేలిగ్గా తీసుకోలేదు. అయితే చదరంగంలో అత్యున్నత బిరుదైన గ్రాండ్‌మాస్టరును అతి చిన్న వయసులో పొందిన మహిళగా పోల్గార్ పేరిట ఉన్న రికార్డును దాటి, 2002లో పదిహేనేళ్లకే ఆ బిరుదు పొందిన హంపి రెండు రకాల పోటీలూ ఆడారు కదా అని గుర్తుచేశాను. పైగా మా సమస్య ర్యాంకులు కాదు, రెండో ఆదివారం కూడా పిల్ల వచ్చేలా చూడటం. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు కానీ నాలుగు అంచెలకూ వచ్చి జోడీలు వేసే కంప్యూటరు పని తానే చేశారు.

నిబంధనలు ఇలా పెట్టుకున్నాం. జులై నుంచి సుమారు నెలకొక ఆదివారం చొప్పున నాలుగు అంచెలు. ఎనిమిది నుంచి పదహారేళ్ల బాలికలు ఎవరైనా ఆడవచ్చు. ఒక్కో అంచెలో స్విస్ పద్ధతిలో (ఎవరూ మధ్యలో తప్పుకోకుండా, దగ్గర దగ్గర పాయింట్లు ఉన్నవారిని జోడీ కడుతూ) ఐదు రౌండ్లు, ఒక్కొక్కరికి 20 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్ల చొప్పున అదనం. మొదటి పన్నెండు స్థానాలకు 24, 20, 17, 15, 13, 11, 9, 7, 5, 4, 3, 2 పాయింట్లు. సమంగా నిలిస్తే పుణేలోలాగే కలిపి పంచాలి, కప్పు మాత్రం టై బ్రేక్ ప్రకారం ఇవ్వాలి. నాలుగింటిలో ఉత్తమమైన మూడు అంచెలే లెక్కలోకి వస్తాయి. బహుమతిగా డబ్బు కాకుండా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తయారయ్యే చిన్న వీణ బొమ్మలు ఇవ్వాలని నేను పట్టుబట్టాను. ‘వీణలు మా ఇంట్లో రెండున్నాయి మేడమ్, కవరే మేలు’ అని ఒక తండ్రి మొహం మీదే అన్నారు. మరికొందరు ‘రేటింగ్ వస్తుందా’ అని అడిగారు. రాదని మొదటే చెప్పాను. 2024 మార్చి నుంచి ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే జాబితాలో కనీస రేటింగు, అంటే ఆట బలాన్ని చూపే అంకె, 1400 అయింది. మా పిల్లల్లో చాలామంది ఇంకా కోట ఎప్పుడు కట్టకూడదో నేర్చుకుంటున్న దశలో ఉన్నారు. ఆ తొందర వాళ్లకు అనవసరం.

హాలు వెతకడమే అన్నిటికన్నా కష్టమైంది. ఒక ప్రైవేటు పాఠశాల వారు తమ హాలు ఇస్తామని నెల ముందే మాట ఇచ్చి, శుక్రవారం సాయంత్రం ఫోను చేసి తల్లిదండ్రుల సమావేశం ఉందన్నారు. కల్యాణ మండపాలు అడుగుదామంటే శ్రావణం వచ్చేసింది, ముహూర్తాలు మొదలయ్యాయి. చివరికి గంటస్తంభానికి కొంత దూరంలో ఉన్న ఒక ట్యుటోరియల్ మేడ మీది హాలు దొరికింది. నాలుగు ఫ్యాన్లలో ఒకటి తిరగదు, బల్లలు వాలుగా ఉంటాయి. వాలు బల్ల మీద ఫ్లెక్సీ బోర్డు జారకుండా నాలుగు మూలలా టేపు అంటించుకుంటూ శనివారం రాత్రి పదకొండింటిదాకా గడిపాం.

జులై 27న తొలి అంచెకు 34 మంది వచ్చారు. రాజాం, చీపురుపల్లి, నెల్లిమర్ల, గజపతినగరం బస్సులు దిగి తల్లులతో, తాతలతో వచ్చారు. సాలూరు వైపు నుంచి ఒక మామ్మగారు మనవరాలిని వెంటబెట్టుకుని టిఫిను క్యారియరుతో సహా ఏడున్నరకే మెట్ల మీద కూర్చున్నారు. పదిహేడు బోర్డులకు మా దగ్గర ఉన్న డిజిటల్ గడియారాలు పదకొండే. పిల్లల పోటీల్లో అలవాటైన ఉపాయమే చేశాం. కింది ఆరు బోర్డుల మీద మొదట గడియారం లేకుండా ఆట మొదలుపెట్టించి, ముందు బోర్డుల్లో ఆటలు ముగిసిన కొద్దీ ఆ గడియారాలను తెచ్చి, మిగిలిన సమయాన్ని ఇద్దరికీ సమంగా పంచి పెట్టాం. నిమిషాలు పంచేటప్పుడు ఎవరు ఎక్కువ ఆలోచించారో తెలియదు కనుక ఇది నిక్కమైన న్యాయం కాదని నాకు తెలుసు. రెండో అంచెకు విశాఖలోని ఒక కోచ్ దగ్గర ఏడు గడియారాలు అరువు తెచ్చాక ఆ బెడద తీరింది.

ఆ రోజు మూడో రౌండులో జరిగినదొకటి వివరంగా చెప్పాలి. తొమ్మిదో బోర్డు మీద ఆ మామ్మగారి మనవరాలు, ఐదో తరగతి పిల్ల, తనకన్నా మూడేళ్లు పెద్దదైన నెల్లిమర్ల అమ్మాయితో ఆడుతోంది. చిన్నదాని బంటు ఎనిమిదో గడికి చేరింది, ఇక దాన్ని తీసి మంత్రిని పెట్టుకోవాలి. మంత్రిని పెట్టడానికి బల్లకు అటూ ఇటూ చూసింది, కనబడలేదు. గడియారంలో పదకొండు సెకన్లు ఉన్నాయి. బంటును అలాగే వదిలేసి గడియారం నొక్కేసింది. వెంటనే ఎదుటి అమ్మాయి చెయ్యి ఎత్తింది. కిటికీ అవతలి నుంచి ఆ అమ్మాయి తండ్రి ‘అదేటి మేడమ్, బంటు బంటులాగే ఉంది కదా, ఓడిపోయినట్టే’ అని గట్టిగా అన్నారు. గడియారం ఆపి, ముందు ఆయనను కిటికీ దగ్గరనుంచి పంపించాను. నిబంధన స్పష్టంగానే ఉంది. పావును మార్చకుండా గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. ఆ బంటు స్థానంలో అదే రంగు మంత్రిని పెట్టాలి, మొదటిసారి కనుక ఎదుటివారికి 2 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. రెండోసారి అదే జరిగితే ఓటమి. ఇదంతా చెప్పి, తెల్ల మంత్రి ఎక్కడ అని అడిగాను. నెల్లిమర్ల అమ్మాయి నెమ్మదిగా ఎడమ గుప్పిట విప్పింది. మంత్రి అందులోనే ఉంది, చెమటకు తడిసి.

ఆ అమ్మాయి కావాలని దాచిందని నేను అనుకోను. కొట్టిన పావును చేతిలో తిప్పుతూ ఆలోచించడం పిల్లలందరికీ ఉన్న అలవాటే. కానీ తప్పు నాది కూడా. పావు దొరకనప్పుడు గడియారం ఆపి ఆర్బిటరును అడిగే హక్కు ఆటగాడికి ఉందని నేను ఉదయం చెప్పి ఉండాల్సింది. ఇంట్లో ఆడేటప్పుడు ఏనుగును తలకిందులుగా పెట్టి మంత్రి అనుకున్నట్టు పోటీలో కుదరదనీ, తలకిందులైనా అది ఏనుగుగానే లెక్కకు వస్తుందనీ కూడా చెప్పలేదు. తరువాతి అంచె నుంచి ప్రతి బోర్డు పక్కనా రెండు రంగుల్లోనూ ఒక్కో అదనపు మంత్రిని ఉంచాం. ఇంతకీ ఆ ఆటలో చిన్నది కొత్త మంత్రితో నాలుగు ఎత్తులు ఆడి, ఎదుటి రాజుకు కదలడానికి గడి లేకుండా చేసి, షా (చెక్) మాత్రం ఇవ్వడం మరిచింది. స్టేల్‌మేట్, డ్రా. గెలిచిన ఆట చేజారినందుకు మామ్మగారి కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చి, పులిహోర తిని, నాలుగో రౌండుకు వచ్చి కూర్చుంది.

అదే రోజు సాయంత్రం బటూమిలో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్ రెండో ఆట జరుగుతోంది, హంపికీ దివ్యకూ మధ్య. బహుమతులు ఇచ్చేశాక పదిమంది పిల్లలు ఇంటికి వెళ్లకుండా మా సహోపాధ్యాయుడి ల్యాప్‌టాప్ చుట్టూ చేరారు. ఆ ఆట డ్రా అయింది. మరునాడు తక్కువ సమయపు ఆటలతో జరిగిన టై బ్రేక్‌లో పందొమ్మిదేళ్ల దివ్య గెలిచి, అదే గెలుపుతో గ్రాండ్‌మాస్టరు కూడా అయింది. మంగళవారం తరగతిలో ఇద్దరు పిల్లలు హంపి ఓడిపోయిందని నాతో దిగులుగా చెప్పారు. ఇద్దరూ మన దేశం వాళ్లే కదా అంటే, ‘హంపి మన గుడివాడ కదా టీచర్’ అన్నారు. ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు.

ఆగస్టు 24న రెండో అంచెకు వచ్చినవారు 21 మందే. వరుస పోటీ పెడితే పిల్లలు మళ్లీ వస్తారని నేను చెప్పుకొన్నదంతా అబద్ధమైనట్టు అనిపించింది. రానివారి ఇళ్లకు ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఒకరికి జ్వరం, ఒకరికి ట్యూషను. కానీ ఎక్కువమంది చెప్పినది ఒక్కటే మాట: ‘మా పిల్లకి సున్నా పాయింట్లు మేడమ్, ఇంక వచ్చి ఏటి లాభం?’ పన్నెండు స్థానాలకే పాయింట్లు పెట్టడంతో మిగిలిన 22 మంది తొలి అంచెకే పట్టికలో సున్నాలై కూర్చున్నారు. పుణేలో ఆడింది పదిమంది, అందరికీ ఎంతో కొంత వచ్చింది. నేను పాయింట్లు పంచే పద్ధతిని తెచ్చుకున్నాను కానీ ఆ పదిమంది లెక్క ముప్పై నాలుగు మందికి సరిపోదన్న సంగతి చూసుకోలేదు. లెక్కల ఉపాధ్యాయురాలు చేయవలసిన తప్పు కాదది.

ఐదు రౌండ్లూ పూర్తిగా ఆడిన ప్రతి ఒక్కరికీ అంచెకు 3 పాయింట్లు, జరిగిపోయిన రెండు అంచెలకు కూడా వర్తించేలా, అని నిబంధన మార్చి అందరికీ తెలియజేశాను. రెండు అంచెలూ గెలిచి 48 పాయింట్లతో పైన ఉన్న పట్టణం అమ్మాయి తల్లి మరునాడే పాఠశాలకు వచ్చారు. ‘నడుమ నిబంధన మారిస్తే ఎలాగండీ? మీరు లెక్కలు చెప్పే మేడమ్ కదా!’ అన్నారు. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. పోటీ నడుస్తుండగా పాయింట్ల పద్ధతి మార్చడం ఏ వరుస పోటీలోనూ మంచి పని కాదు. తప్పు ఒప్పుకుని, చివర్లో పాత పద్ధతిలో ఒకటి, కొత్త పద్ధతిలో ఒకటి రెండు పట్టికలూ వేసి గోడకు అంటిస్తాననీ, వాటిలో మొదటి స్థానం తేడా వస్తే ఇద్దరికీ కప్పు ఇస్తాననీ మాట ఇచ్చాను.

మూడో అంచె తేదీ విషయంలో నా తెలివితక్కువతనం ఇంకోటి బయటపడింది. అక్టోబరు 5 అని ముందే ముద్రించేశాం. ఆ వారం ఏడో తేదీ మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, సోమవారం తొలేళ్లు. ఆ ముందు ఆదివారం నుంచే ఊరు కిక్కిరిసిపోతుందని విజయనగరంలో పుట్టి పెరిగిన నాకు ఎవరో చెప్పవలసి వచ్చింది. అక్టోబరు 26కు మార్చాం. ఈసారి మొంథా తుపాను హెచ్చరికలు వచ్చాయి, పిల్లలను బస్సుల్లో రప్పించే ధైర్యం చేయలేక మళ్లీ వాయిదా వేశాం. నవంబరు 2న జరిపినప్పుడు 29 మంది వచ్చారు. మామ్మగారి మనవరాలు 6 పాయింట్ల జోరులో వచ్చింది. బంటు ఎనిమిదో గడికి చేరగానే ముందు మంత్రిని చేతిలోకి తీసుకుని, తరువాత బంటును తోయడం నేర్చుకుంది.

ఆ అంచెలో రాజాం అమ్మాయి ఒకతె మరొకరితో సమంగా మొదట నిలిచింది. టై బ్రేక్‌లో కప్పు రెండో అమ్మాయికి వెళ్లింది, పాయింట్లు మాత్రం 24, 20 కలిపి సగం చేసి చెరి 22. పిల్లలకు ఇది అర్థం కాలేదు. పుణేలో హంపికీ జూ జినర్‌కూ ఇలాగే పంచారని బోర్డు మీద 235ను రెండుతో భాగించి చూపించాను. ‘మరి కప్పు?’ అని రాజాం పిల్ల అడిగింది. కప్పు ఒక్కటే చేయించాం అన్నాను.

నవంబరు 30న చివరి అంచెకు 31 మంది వచ్చారు. మూడో అంచెకు ఊళ్లో లేక రాలేకపోయిన పట్టణం అమ్మాయి ఈసారి మొదటి రెండు రౌండ్లూ ఓడి, కోలుకుని పదో స్థానంలో ఆగింది. రాజాం అమ్మాయి మూడో స్థానం. సాయంత్రం ఐదింటికి రెండు పట్టికలూ గోడకు అంటించాను. కొత్త పద్ధతిలో పట్టణం అమ్మాయికి 24, 24, 4, వాటికి పూర్తి చేసినందుకు 9 కలిపి మొత్తం 61. రాజాం అమ్మాయికి తొలి అంచెలోని ఐదో స్థానం తీసేసి 20, 22, 17, వాటికి 9 కలిపి 68. పాత పద్ధతిలో 52, 59. రెండింటిలోనూ రాజాం అమ్మాయే ముందుంది. నాలుగు అంచెల్లో ఒక్కదాంట్లోనూ కప్పు చేతికి రాని పిల్ల మొత్తం పోటీ గెలిచింది. పెద్ద వీణ బొమ్మ ఆమెది. దాన్ని వాళ్ల నాన్న బస్సులో ఒళ్లో పెట్టుకునే వెళతానన్నారు.

పట్టణం అమ్మాయి తల్లి రెండు పట్టికల ముందూ చాలాసేపు నిలబడి, వేలితో వరుస వెంబడి కూడుకుంటూ రెండుసార్లు సరిచూశారు. పాత పద్ధతి పట్టికను గోడ మీంచి నెమ్మదిగా ఊడదీసి, మడత పెట్టి సంచిలో పెట్టుకున్నారు. ‘వచ్చే ఏడు పాయింట్లు ఎన్నో జులైకి ముందే ముద్రించండి మేడమ్. తేదీలు పంచాంగం చూసి పెట్టండి’ అన్నారు. డైరీ తీసి రెండూ రాసుకున్నాను. అరువు తెచ్చిన ఏడు గడియారాల్లో ఆరే లెక్కకు వచ్చాయి. ఏడోది తిరగని ఫ్యాను కింది బల్ల సొరుగులో దొరికింది, ఇంకా నడుస్తూనే ఉంది.